గుమ్మము దగ్గర నేర్చిన ఆంగ్లము

మన పల్లెబడులలో తరగతి గుమ్మము దగ్గర నిలుచున్న ఏ పసివాడైనను తడబాటు లేక, ఊపిరి తిప్పుకొనక పలుకగల ఆంగ్లవాక్య మొకటి కలదు: “మేఐకమిన్ టీచర్!” అందు ఎన్ని పదములున్నవో వానికి తెలియదు, కర్త యేదో క్రియ యేదో వానికెవరును చెప్పియుండలేదు, ఐనను ఆ మాట పలికినంతనే లోపలికి పోవుటకు అనుమతి దొరకునని మాత్రము వానికి రూఢిగా తెలియును. పాఠములోని వాక్యములు నూరుమార్లు వల్లించినను మరునాటికి మరపునబడుచుండగా, ఈ యొక్క వాక్యము ముదిమివరకు నాలుకపై నిలుచుటకు కారణమేమి? అది అవసరములో పుట్టి, పని జరిపించి, దినదినమును వాడుకలో నలిగిన మాట యగుటయే. పసిపిల్లలకు ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయుడు తరగతిని అదుపులో నుంచుట యెట్లన్న ప్రశ్నకు సమాధానము ఈ గుమ్మము దగ్గరనే దొరకునని నా నమ్మకము.

మన సర్కారుబడులకు వచ్చు బిడ్డలలో ఇంట ఆంగ్లము వినబడనివారే అధికులు. తెలంగాణములో 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలయందు ఒకటవ తరగతి మొదలుకొని ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుటపై తెలుగును, ఎదుటి పుటపై ఆంగ్లమును ముద్రించిన పుస్తకములు పిల్లల సంచులలోనికి వచ్చినవి. అర్థముకాని భాషను వినుచు ముప్పావుగంట కదలక మెదలక కూర్చుండుట పెద్దలకే దుస్సహము కాగా, ఆరేడేండ్ల బిడ్డ ప్రక్కవాని పలక లాగుటయు, కిటికీలోనుండి మేకలను లెక్కించుటయు వింత కాదు. ఆంగ్లపు పీరియడులో పుట్టు అల్లరి పెక్కుమార్లు కొంటెతనమువలన గాక, బోధపడకపోవుటవలననే పుట్టునని గ్రహించిననాడు మన కోపములో సగము తనంతట తానే చల్లారును.

2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో బిడ్డను కొట్టుటనే గాక, మనస్సు నొప్పించి వేధించుటను సైతము నిషేధించినది. బెత్తము పోయినను, “చేతులు కట్టుకో, నోటిమీద వేలేసుకో” అను ఆజ్ఞ మాత్రము ఇంకను పోలేదు. నోరు తెరువనిదే రాని విద్యను నోరు మూయించి నేర్పబూనుట, ఒడ్డున కూర్చుండబెట్టి ఈత నేర్పబూనుట వంటిది గదా! భయము, సిగ్గు ఆవరించిన మనస్సులోనికి చెవినబడిన పరభాష చొరజాలదని అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదించెను. తప్పు పలికినందుకు నలుగురిలో నవ్వులపాలైన బిడ్డ, ఆపై ఏడాది పొడవునను పెదవి విప్పకుండుట మనమెరిగినదే.

అట్లని తరగతిని గాలికి వదలుమనుట కాదు. జేకబ్ కౌనిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తరగతి గదుల దృశ్యములను పరిశీలించి 1970లో వెలువరించిన గ్రంథములో చెప్పిన విషయము ఇచట మననము చేయదగినది. అల్లరి జరిగిన పిమ్మట గురువు మందలించు తీరులో, చక్కగా నడచు తరగతులకును తక్కినవానికిని గొప్ప భేదమేమియు అతనికి కనబడలేదు. చక్కగా నడచు తరగతులలో గురువు ముందుగనే నాలుగు మూలలను కనిపెట్టుచు, పనికిని పనికిని నడుమ ఖాళీ రానీయక పాఠమును సాగించుచుండెను. మన దేశమున విద్యావేత్త గిజూభాయి బధేకా వ్రాసిన “దివాస్వప్న”లోని ఉపాధ్యాయుడు మొదటిదినమున పిల్లలచేత నిశ్శబ్దపు ఆట ఆడింపబోయి విఫలుడయ్యెను; మరునాడు అతడు కథ మొదలుపెట్టినంతనే ఆ పిల్లలే చెవులొగ్గి కూర్చుండిరి. నిశ్శబ్దము అడిగినప్పుడు రాలేదు. వినదగినది దొరకినప్పుడు దానంతట అదియే వచ్చినది.

కనుక ఆంగ్ల తరగతిలో అదుపునకు వాడు మాటలే మొదటి పాఠము కావలెను. “స్టాండ్ అప్”, “కమ్ హియర్”, “టచ్ ద డోర్” అని గురువు పలుకుచు తాను చేసి చూపగా, పిల్లలు ముందు చేతలతో బదులు చెప్పి, మాటలను తమకు వచ్చినప్పుడు పలుకు పద్ధతిని జేమ్స్ ఆషర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1960వ దశకములో రూపొందించెను. కదలనీయకుండ కట్టిపడవేసిన శరీరములకు కదలికయే పాఠమైనపుడు అల్లరికి చోటెక్కడిది? పసివారి ఏకాగ్రత స్వల్పకాలికము గనుక, లేచి చేయు పని వెంట కూర్చుండి బొమ్మ గీయు పనియు, పాట వెంట ఇద్దరిద్దరు మాటలాడుకొను పనియు కూర్చవలెను. రెండు తరగతులు ఒకే గదిలో నుండు బడిలో ఒక తరగతికి చేతిపని అప్పగించి, రెండవ దానితో నోటిపని సాగించవలెను. ఆట నియమములను తెలుగులో రెండు ముక్కలలో చెప్పుట దోషము కాదు. అర్థమైన ఆటలో తగవులుండవు. ప్రశ్న అడిగినపిదప మూడు సెకనులైనను ఆగవలెను. అమెరికాలో మేరీ బడ్ రో అను విద్యా పరిశోధకురాలు పరిశీలించిన తరగతులలో గురువులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచుండిరనియు, ఆ విరామము పెంచినంతనే పిల్లల సమాధానములు నిడివిలోను సంఖ్యలోను పెరిగెననియు తేలినది.

ఒక పల్లెబడిలో రెండవ తరగతి పాఠమును నేను వెనుకబల్లపై కూర్చుండి చూచితిని. టీచరు సంచిలోనుండి దోరజామకాయ నొకదానిని తీసి, “వాట్ ఈజ్ దిస్?” అని అడిగి, తొందరింపక నిలిచెను. “జాంకాయ!” అని పదిమంది ఒక్కమారుగ అరచిరి. ఆమె గద్దింపలేదు, ‘తెలుగు వద్దు’ అనలేదు. “యెస్, ఇట్ ఈజ్ ఎ గ్వావా” అని మెల్లగా, కేకలు తగ్గిననేగాని వినబడనంత మెల్లగా పలికెను. గది సద్దుమణిగెను. కాయ చేతినుండి చేతికి సాగెను. అందుకొన్న ప్రతిబిడ్డయు వాసన చూచి, ఆ వాక్యమును పలికి, ప్రక్కవారికి అందించెను. తన వంతు వచ్చువరకు వేచియుండుమని ఎవరికిని చెప్పవలసిన పని లేకపోయెను.

కాయ కడపటి వరుసకు చేరెను. అంతవరకు పెదవి మెదపని చిన్నపిల్ల యొకతె దానిని రెండుచేతుల పట్టుకొని, క్షణకాలము ఆలోచించి, గుమ్మము దగ్గర నేర్చిన ఆ ముద్దవాక్యమును తనకు తానే విరిచి, “మేఐ ఈట్ జాంకాయ, టీచర్?” అని అడిగెను. వ్యాకరణము ఎవరును చెప్పకయే ఆ బిడ్డకు చిక్కినది. ఎవరును నవ్వలేదు. టీచరు మోకాళ్లపై వంగి, “యెస్ తల్లీ, యు మే ఈట్ ద గ్వావా” అని పలికి, కాయను కోయుటకు చాకు వెదకబోయెను.