మధ్యస్థ భూకంపములు - భూమిలోని పగుళ్లు

భూకంపమనగా హిమాలయములకో, జపానునకో చెందిన విపత్తని కోయంబత్తూరు, మధుర ప్రాంతముల మన కుటుంబములలో పలువురు తలచుచుందురు. కాని 1900 ఫిబ్రవరి 8వ తేదీన ఈ కోయంబత్తూరు సీమయే కంపించినది. దాని పరిమాణము సుమారు 6 అని శాస్త్రజ్ఞుల అంచనా. నాడు దేశమున భూకంపలేఖినులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. కావున కదలిన పగులేదో, అది ఎటు కదలినదో వానివలన తేలలేదు.

1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7 పరిమాణముగల భూకంపము వచ్చునప్పటికి ప్రపంచమంతట యంత్రములు వెలసియుండెను. చిన్న అదురులు దూరపు యంత్రములకు అందవు. మిక్కిలి పెద్దవి మన ద్వీపకల్పమున అరుదు. మధ్యస్థమైనవి మాత్రము, నేలపై చీలిక కనబడకున్నను, వేల మైళ్ల ఆవల సైతము స్పష్టముగా నమోదగును.

మొదటి అల చేరినప్పుడు కొన్ని కేంద్రములలో నేల పైకి నెట్టబడును, కొన్నిట క్రిందికి లాగబడును. వీనిని పటముపై గుర్తించినచో కదలిక జరిగియుండదగిన తలములు రెండు తేలును. ఆ రెంటిలో నిజమైన పగులేదో తరువాతి చిన్న అదురుల వరుస నిర్ణయించును. ఈ ఉపాయము మాకు మిక్కిలి ముచ్చటగా తోచినది. చూడలేని దానిని లెక్కతో చూచుటయే కదా!

గోదావరి లోయ కథ మరియు విచిత్రము. 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే అచ్చట భూపటలము సాగి, పగుళ్ల నడుమ భాగము క్రుంగినది. ఆ పల్లమున పూడిన పొరలలోనిదే సింగరేణి బొగ్గు. పటలము సాగుచున్నచోట పగులుపై ఆనియున్న దిమ్మ క్రిందికి జారును. ఇటలీలోని లక్విలాలో 2009 ఏప్రిల్ 6న, 6.3 పరిమాణముతో, జరిగినది అదియే. నొక్కుడు కలిగినచో ఆ దిమ్మయే పైకెక్కును, లేదా ప్రక్కకు జరుగును. నేడు భారతభూమి ఉత్తరమున ఆసియాను త్రోయుచున్నది గనుక మన పాత పగుళ్లపై పడునది నొక్కుడే. అతికిన కుండ నొక్కినచో అతుకువద్దనే విచ్చును గదా!

పాలఘాటు కనుమ పొడవునను అట్టి ప్రాచీన బలహీన పట్టీ కలదు. 2002 నాటి భారత ప్రమాణముల పటమున మధుర 2వ మండలమునను, కోయంబత్తూరు అంతకంటె ప్రమాదకరమైన 3వ మండలమునను చేర్చబడినవి. కావున ఇల్లు కట్టువారు, మేడపై గది వేయువారు, తలుపుల పైమట్టమున గోడలన్నిటిని చుట్టివచ్చు ఇనుపకమ్మీల కాంక్రీటు పట్టీ ఉన్నదా యని మేస్త్రీని ముందుగా అడుగవలెను. గోడలు లేచిన పిదప దానిని చేర్చుట కష్టము.