ఎడారిలో గీత నిలిచింది, మన కొండ రాలుతోంది

విశాఖ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల ముందు రంగు వేయని ఇనుప రేకును ఒక్క వానాకాలం బయట వదిలేస్తే చాలు, ఎర్రగా తుప్పు పట్టి అంచులు పొరలు పొరలుగా రాలిపోతాయి. తడిగాలి ఇనుమును ఏం చేస్తుందో విశాఖలో వెల్డర్లకూ ఫిట్టర్లకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. కొండకు కూడా తుప్పు పడుతుందంటే మాత్రం చాలామంది నవ్వుతారు. గాజువాక నుంచి హైవే మీద అనకాపల్లి వైపు గంటలోపు ప్రయాణం చేసి, శంకరం గ్రామం పక్కనున్న బొజ్జన్నకొండ ఎక్కితే ఆ తుప్పు కళ్లారా కనిపిస్తుంది.

బొజ్జన్నకొండ, దాని పడమట లింగాలకొండ. రెండూ బౌద్ధ భిక్షువులు ఉలితో చెక్కిన కొండలే. బొజ్జన్నకొండలో రాతిని తొలిచిన గుహలు ఉన్నాయి. వాటిలో పెద్దదానిలో పదహారు స్తంభాల మధ్య ఏకశిలా స్తూపం, ద్వారం దగ్గర ద్వారపాలకులు, గోడలపై బుద్ధుడి మూర్తులు కనిపిస్తాయి. పైన ఉన్న మహాస్తూపానికి అడుగు భాగం కొండరాయే. దాని చుట్టూ ఇటుకలు పేర్చి ఆకారం పూర్తి చేశారు. లింగాలకొండ మీద ఏకశిలా స్తూపాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. దూరం నుంచి చూసినవారికి అవి శివలింగాల్లా తోచడం వల్లే ఆ పేరు వచ్చిందంటారు. 1907-08లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు, మట్టి ముద్రలు బయటపడ్డాయి.

ఇంత పెద్ద పని చేశారు సరే, ఇప్పుడు ఆ మూర్తుల ముఖాలు చూడండి. చాలావాటికి కళ్లూ ముక్కూ అరిగిపోయాయి. స్తూపాల అంచులు గుండ్రబడ్డాయి. కొన్నిచోట్ల రాయి పెచ్చులుగా లేచింది.

ఇప్పుడు భూగోళానికి అవతలి వైపు వెళ్దాం. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, ఆల్బకర్కీ నగరపు పడమటి అంచున పెట్రోగ్లిఫ్ నేషనల్ మాన్యుమెంట్ అనే పార్కు ఉంది. 1990లో ఏర్పాటైంది. పాత అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లని బసాల్ట్ బండల మీద, సుమారు 27 కిలోమీటర్ల పొడవునా, 24 వేలకు పైగా బొమ్మలున్నాయని అంచనా. పక్షులు, పాములు, ముసుగు ముఖాలు, సుడులు, చేతి గుర్తులు. అక్కడి మూలవాసులైన ప్యూబ్లో ప్రజల పూర్వికులు వేసినవే ఎక్కువ. వాటిలో చాలా భాగం 1300-1680 మధ్యవి. కొన్ని అంతకంటే ఎంతో పాతవి. వీటిని లోతుగా చెక్కలేదు. రాయి తీసుకుని బండ మీద పొడిచారు, అంతే. గీత లోతు చాలాచోట్ల కొద్ది మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయినా ఎండలో నిలబడి చూస్తే నిన్న గీసినట్టు ఉంటాయి.

ఎందుకంటే ఆ బొమ్మల ప్రాణం లోతులో లేదు, రంగులో ఉంది. ఎడారి బండల మీద వేల ఏళ్లుగా ఒక నల్లని పూత పేరుకుంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని రాతి వార్నిష్ అంటారు. మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా దాటదు. గాలి మోసుకొచ్చిన బంకమట్టి రేణువులు, వాటిని పట్టి ఉంచే ఇనుము, మాంగనీస్ ఆక్సైడ్లు కలిసి ఆ పూత అవుతాయి. వెయ్యేళ్లకు కొన్ని మైక్రాన్లు పెరిగితే గొప్ప. రాతిలో ఉన్నదానికంటే పూతలో మాంగనీస్ ఎన్నో రెట్లు ఎక్కువ ఎలా చేరిందన్నది ఎన్నో ఏళ్లు తేలని ప్రశ్న. ఎడారి ఎండను తట్టుకోవడానికి కొన్ని సయానోబాక్టీరియాలు తమ కణాల్లో మాంగనీస్‌ను కూడబెట్టుకుంటాయనీ, అవి చచ్చాక అదే రాతికి అంటుకుంటుందనీ 2021లో ఉషా లింగప్ప బృందం ప్రతిపాదించింది. ఆ పూతను పొడిస్తే కింది లేత రంగు రాయి బయటపడుతుంది. అదే బొమ్మ. కాలం గడిచేకొద్దీ గీతలో మళ్లీ పూత పెరిగి నల్లబడుతుంది. అందుకే ఒకే బండ మీద బాగా నల్లబడ్డ బొమ్మ పాతదనీ, తెల్లగా ఉన్నది కొత్తదనీ చూడగానే పోల్చవచ్చు. ఏ సంవత్సరమో కచ్చితంగా చెప్పడం మాత్రం కష్టం. గీతలో కార్బన్ పరీక్షకు పనికొచ్చేది సాధారణంగా ఏమీ ఉండదు.

ఆల్బకర్కీలో ఏడాది మొత్తం మీద పడే వాన పాతిక సెంటీమీటర్ల లోపే. విశాఖలో మీటరు దాటుతుంది. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి దానిలో. వానచుక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కి వస్తుంది. ఆ నీటికి ఫెల్డ్‌స్పార్ లొంగిపోయి తెల్లని బంకమట్టిగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. ఆటోనగర్ రేకులో జరిగే రసాయన చర్యకు ఇది చుట్టమే. ఖోండలైట్ పొరలుగా ఉండే రాయి కాబట్టి నీరు ఆ పొరల సందుల్లోంచి లోపలికి దిగుతుంది. బయటి పెచ్చు ఊడిపోతుంది, దానితో పాటు ఉలి దెబ్బా పోతుంది. మెత్తగా ఉందని భిక్షువులకు చెక్కడానికి అనువుగా దొరికిన రాయే తరవాతి కాలానికి బరువైంది. కోణార్క్ సూర్యదేవాలయానికి వాడినదీ ప్రధానంగా ఈ రాయే. కూలిపోతుందనే భయంతో 1903లో దాని జగమోహనాన్ని, అంటే ముందరి మండపాన్ని, ఇసుకతో నింపి ద్వారాలు మూసేశారు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూసినవారు ఎడారికి వచ్చామనుకుంటారు. కాదు. ఆ ఎరుపు కూడా తడి వాతావరణంలో ఇనుము ఆక్సీకరణ చెందడం వల్ల వచ్చిందే. అక్కడ చెక్కడాలు లేవు.

ఆల్బకర్కీలోలా రాతిపై పొడిచిన బొమ్మలు మనకు దగ్గరలో చూడాలంటే రాయలసీమ పొలిమేర దాటి బళ్లారి వెళ్లాలి. తెలుగువారు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో ఉన్న ఆ జిల్లాలో, సంగనకల్లు-కుప్పగల్లు కొండల మీద డోలరైట్ అనే నల్లరాతి బండలపై నవీన శిలాయుగపు ప్రజలు మూపురాలున్న, పొడవాటి కొమ్ముల ఎడ్లను పొడిచి గీశారు. 1892లో ఫాసెట్ వీటి గురించి లోకానికి చెప్పాడు. ఆ తరవాత పండితులు వీటిని దాదాపు మరచిపోయారు. 2004లో పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోయివిన్ ప్రచురించిన పరిశోధనతో మళ్లీ చర్చలోకి వచ్చాయి. అక్కడ కొన్ని బండలను రాయితో కొడితే గంటలా మోగుతాయి. కొట్టిన గుంటలు పక్కనే ఉన్నాయి. బొమ్మా మోతా ఒకే ఆచారంలో భాగమై ఉండవచ్చని ఆమె ఊహ. ఊహే అయినా బలమైనదే. బళ్లారిలో వాన తక్కువ, రాయి గట్టిది. కాబట్టి అక్కడ పెద్ద శత్రువు ప్రకృతి కాదు, మనిషే. ఆ కొండల్లో కొంత భాగాన్ని కంకర క్వారీలు మింగేశాయి.

మనిషి చేయి విషయానికొస్తే ఏ దేశమూ తీసిపోలేదు. ఆల్బకర్కీ పార్కులోంచి రోడ్డు వేయడానికి బొమ్మలున్న బండలను పక్కకు జరిపారు, ప్యూబ్లో ప్రజలు వద్దని మొత్తుకున్నా. బొజ్జన్నకొండ దగ్గర కనుమ రోజున జనం భారీగా వస్తారు. అక్కడ బొజ్జలా ఉబ్బిన ఒక రాతి రూపం రాక్షసుడిదని నమ్మి ఒకప్పుడు రాళ్లు రువ్వేవారు. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ జోక్యంతో ఆ ఆచారం ఆగింది. రాసుకున్న పేర్లు, ప్రేమ గుర్తులు మాత్రం ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి.

ఎడారి పార్కు పద్ధతిని ఇక్కడ దించుకుంటే సరిపోదు. అక్కడ ముట్టుకోకపోతే సగం పని అయిపోయినట్టే. మనకు అదొక్కటీ చాలదు. కొండ పైనుంచి దిగే వాననీటికి దారి చూపాలి, పగుళ్లలో వేళ్లు దించే రావి, మర్రి మొక్కలను చిన్నప్పుడే తీసేయాలి. నాచును ఇనుప బ్రష్‌తో గీకకూడదు. ఇవన్నీ నిపుణులు, నిధులు, ఏటేటా పరిశీలన ఉంటేనే సాగే పనులు. టికెట్ కౌంటరు, పచ్చిక లాను కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది వీటి మీద.

బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుమకు పిల్లలతో వెళ్లేవారు ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి. గోడ మీద కొత్తగా గీసిన పేరు కనబడితే ఫోటో తీసి అక్కడి కాపలాదారుకు చూపించండి.