రంగుల గదికి ఒక్కరోజు టీచర్

అమెరికాలో చాలా ఎలిమెంటరీ స్కూళ్లలో ఆర్ట్ టీచర్ సెలవు పెడితే అందరికంటే ఎక్కువ కంగారు పడేది క్లాస్ టీచర్లు. పిల్లలు ఆర్ట్ గదికి వెళ్లిన ఆ ముప్పావు గంటలోనే వాళ్లు పేపర్లు దిద్దుకోవాలి, మర్నాటి పాఠం సిద్ధం చేసుకోవాలి, తల్లిదండ్రులకు జవాబులు రాయాలి. ఆర్ట్, మ్యూజిక్, పీఈ, లైబ్రరీ పీరియడ్లను అక్కడ ‘స్పెషల్స్’ అంటారు. వారంలో ఒక్కో రోజు ఒక్కోటి వంతులవారీగా వస్తుంది. ఆర్ట్ టీచర్ రాక, బదులు మనిషీ దొరక్కపోతే పిల్లలంతా క్లాస్ టీచర్ దగ్గరే ఉండిపోతారు. అందుకే తెల్లారకముందే ‘సబ్’ కోసం వేట మొదలవుతుంది. సబ్ అంటే సబ్‌స్టిట్యూట్ టీచర్.

ఈ పని అక్కడి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. హెచ్-4 వీసా మీద ఉన్న జీవిత భాగస్వాముల్లో కొందరికి పని చేసుకునే అనుమతి ఇస్తూ 2015లో నిబంధన వచ్చింది. ఆ అనుమతి పత్రం, అంటే ఈఏడీ కార్డు చేతికొచ్చిన తల్లుల్లో కొందరు ముందుగా వాకబు చేసేది పిల్లల స్కూల్లోనే. సొంత పిల్లలు బడికి వెళ్లే వేళకు వెళ్లి, వాళ్లు వచ్చే వేళకు వచ్చేయొచ్చు. వద్దనుకున్న రోజు మానేయొచ్చు. అయితే ఆర్ట్ సబ్ పోస్టు కనపడగానే చాలామంది, “నాకు బొమ్మలు వేయడం రాదుగా” అని వెనక్కి తగ్గుతారు. బొమ్మలు వచ్చా అని వాళ్లను అసలెవరూ అడగరు.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. టెక్సాస్‌లో సబ్‌కు రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఏం చదివి ఉండాలో స్కూల్ డిస్ట్రిక్టే తేల్చుకుంటుంది. కాలిఫోర్నియాలో మాత్రం టీచర్ల అర్హతలు చూసే కమిషన్ నుంచి పర్మిట్ తెచ్చుకోవాలి. అక్కడ బాగా వాడుకలో ఉన్నది ‘ఎమర్జెన్సీ 30-డే’ పర్మిట్. దానికి బ్యాచిలర్ డిగ్రీ కావాలి, లైవ్ స్కాన్ పద్ధతిలో వేలిముద్రలు ఇచ్చి నేర చరిత్ర లేదని తేలాలి. చాలా ఏళ్లు సీబెస్ట్ అనే పరీక్ష కూడా ఉండేది: చదవడం, రాయడం, లెక్కలు. 2024లో చట్టం మార్చి, గుర్తింపు ఉన్న బ్యాచిలర్ డిగ్రీనే ఆ పరీక్షకు బదులుగా ఒప్పుకున్నారు. ఈ మొత్తంలో కుంచె పట్టడం వచ్చా అన్న గడి ఎక్కడా లేదు.

మనవాళ్లకు చిక్కొచ్చేది డిగ్రీ దగ్గరే. ఇండియాలో చదివినదైతే కమిషన్ ఆమోదించిన ఏజెన్సీతో మూల్యాంకనం చేయించుకోవాలి. నాలుగేళ్ల బీటెక్‌కు సాధారణంగా పేచీ ఉండదు. మూడేళ్ల బీఏ, బీకామ్, బీఎస్సీలను మాత్రం చాలాసార్లు అమెరికా డిగ్రీతో సమానంగా లెక్కించరు. పైన పీజీ ఉంటే కలిసి రావచ్చు. అందుకే మిగతా ఫీజులన్నీ కట్టేశాక దీని సంగతి చూద్దాం అనుకోకుండా, మొదటి అడుగు ఇక్కడే వేయడం మంచిది. పర్మిట్ వచ్చాక డిస్ట్రిక్టులో విడిగా దరఖాస్తు పెట్టాలి. వాళ్లు మళ్లీ వేలిముద్రలు అడుగుతారు, టీబీ లేదన్న కాగితం అడుగుతారు, పిల్లల మీద హింస జరిగిందన్న అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో నేర్పే శిక్షణ పూర్తి చేయిస్తారు.

ఇక ఆర్ట్ పోస్టుల సంగతి. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తి పన్నుకు కళ్లెం వేస్తూ ప్రపోజిషన్ 13ను గెలిపించారు. బడుల రాబడి పడిపోయింది, అప్పుడు కోతకు ముందు వరసలో నిలబడ్డది కళలే. చాలా ఎలిమెంటరీ బడుల్లో అన్ని సబ్జెక్టులూ చెప్పే క్లాస్ టీచరే తీరిక దొరికితే బొమ్మలూ వేయించే పరిస్థితి మిగిలింది. 2022 నవంబరులో దాదాపు 64 శాతం ఓట్లతో ప్రపోజిషన్ 28 నెగ్గాక గాలి కొంత మారింది. ఏటా వంద కోట్ల డాలర్ల దరిదాపుల్లో సొమ్ము సంగీతం, నాట్యం, నాటకం, చిత్రలేఖనం లాంటి కళలకే వెళ్లాలి. 500 మంది, ఆపైన విద్యార్థులున్న డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతం మనుషుల్ని పెట్టుకోవడానికే ఖర్చు చేయాలి. కొత్త టీచర్లు వచ్చారంటే వాళ్లకూ జ్వరాలొస్తాయి, వాళ్లూ సెలవులు పెడతారు. లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద డిస్ట్రిక్టులో బడి నుంచి బడికి తిరిగే ఆర్ట్స్ టీచర్లు ఉన్నారు. వాళ్లకు బదులుగా వెళ్లే మనిషి సోమవారం ఊరికి ఒక చివర, మంగళవారం ఇంకో చివర తేలవచ్చు.

పని పిలుపు యాప్‌లో వస్తుంది. ఒప్పుకుని వెళ్లాక ఆఫీసులో సంతకం పెట్టి, తాళాలు, ‘సబ్ ఫోల్డర్’ తీసుకోవాలి. ఏ పీరియడ్‌కు ఎవరొస్తారు, ఎవరెక్కడ కూర్చుంటారు, ఎవరికి ఏ ఎలర్జీ, ఫైర్ డ్రిల్ గంట మోగితే ఏ తలుపులోంచి బయటికి వెళ్లాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆర్ట్‌కు ప్రత్యేకంగా గది ఉన్న బడి దొరికితే అదృష్టమే. లేని చోట సామానంతా తోపుడుబండి మీద సర్దుకుని గదిగదికీ వెళ్లాలి.

నా దృష్టిలో ఆర్ట్ సబ్ పనితనం తేలేది ఆఖరి పది నిమిషాల్లో. పాతిక మంది పిల్లలు, రెండు సింకులు. అందరి చేతులకూ జిగురు. ఆరని బొమ్మలు ర్యాక్‌లోకి ఎక్కాలి, కత్తెరలు లెక్కకు రావాలి, మార్కర్ల మూతలు ‘టిక్’మనాలి, బల్లలు తుడవాలి, పేరు రాయని కాగితం మీద పేరు పడాలి. ఈలోగా తలుపు బయట తర్వాతి తరగతి బారు తీరి ఉంటుంది. ఇప్పుడు కిండర్‌గార్టెన్ వెళ్తే వచ్చేది ఐదో తరగతి కావచ్చు: ఐదేళ్లవాడికి జిగురు మూత తిప్పడం రాదు, పదేళ్లవాడికి ‘ఇది బాలేదు’ అని కాగితం నలిపేయడం వచ్చు. రోజంతా ఇదే, ఆరేడుసార్లు. అందుకే అనుభవం ఉన్న ఆర్ట్ టీచర్లు సబ్‌కు రాసిపెట్టే పాఠంలో పోస్టర్ రంగులుండవు, బంకమట్టి ఉండదు. కుమ్మరి ఆవానికి కరెంటు చుట్టం లాంటి కిల్న్ జోలికి వెళ్లొద్దని ప్రత్యేకంగా రాస్తారు. క్రేయాన్లు, ఆయిల్ పాస్టెల్స్, పెన్సిలు, లేదంటే ఒక బొమ్మల పుస్తకం చదివి దాని మీద గీయించడం. పీటర్ రేనాల్డ్స్ 2003లో తెచ్చిన ‘ది డాట్’ ఇలాంటి రోజుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. బొమ్మ వేయడం రాదని మొండికేసిన ఒక పాప, ఒక్క చుక్కతో మొదలుపెట్టడమే దాని కథ.

బొమ్మలు బాగా వేసేవాళ్లకే ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. పిల్లాడి గుర్రం కుక్కలా కనపడగానే చేయి ఊరుకోదు, పెన్సిలు అందుకుని దిద్దేస్తారు. ఆ క్షణం నుంచి అది పిల్లాడి బొమ్మ కాదు. గుర్రం మెడ ఎటు వంగింది, కాళ్లు ఎక్కడ మొదలయ్యాయి అని అడిగి, కావాలంటే వేరే కాగితం మీద గీసి చూపించాలి. అలాగే ఆర్ట్ టీచర్ మూడు వారాలుగా నడిపిస్తున్న ప్రాజెక్టును తనకు తోచినట్టు ముగించేయడం కూడా సబ్ చేయకూడనిదే. తిరిగొచ్చిన టీచర్‌కు నచ్చేది అద్భుతమైన కొత్త పాఠం కాదు, ఎక్కడ వదిలిందో అక్కడే దొరికే తరగతి.

ఒక్కోసారి ఫోల్డర్‌లో పాఠం ఉండనే ఉండదు. అప్పుడు తెలుగింటి నుంచి వచ్చినవాళ్ల చేతిలో ముగ్గు ఉంది. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. కాగితం, పెన్సిలు చాలు, సింకుతో పనిలేదు. చిన్న తరగతులకు చుక్కలు కలిపితే పువ్వు రావడమే వింత. అక్కడి నాలుగో తరగతి లెక్కల్లో సౌష్ఠవ రేఖలు ఉంటాయి కాబట్టి, ముగ్గును మడిచి రెండు సగాలూ సరిపోతున్నాయో లేదో చూడమనొచ్చు. ఐదో తరగతి గడుగ్గాయిలకు చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు ఇస్తే గది దానంతటదే సద్దుమణుగుతుంది. ఇంటి ముందు ఇది పొద్దున్నే ఎందుకు వేస్తారో రెండు ముక్కల్లో చెప్పాలి, అంతకు మించి ఉపన్యాసం అక్కర్లేదు.

వెళ్లేముందు టీచర్‌కు ఒక చీటీ: ఎవరు ఎంతవరకు పూర్తిచేశారు, ఎవరు రాలేదు, ఏ రంగు కాగితం అయిపోయింది. ఇలాంటి చీటీ రాసే సబ్‌ను టీచర్లు మర్నాడే తమ ఇష్టుల జాబితాలో వేసుకుంటారు, పిలుపులు ఆ తర్వాత పేరు మీదే వస్తాయి.

డబ్బు విషయంలో ఆశలు పెంచుకోవద్దు. రోజు కూలి లెక్క, రేటు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. వేసవిలో పెద్దగా పని ఉండదు, కాబట్టి రాబడీ ఉండదు. ఒకే టీచర్ స్థానంలో ఎన్ని రోజులు ఉండొచ్చన్న దానికి కాలిఫోర్నియా పర్మిట్‌లో హద్దు ఉంది. పేరులోని 30 అదే. కోవిడ్ కాలంలో దాన్ని 60 దాకా సడలించారు, కాబట్టి ప్రస్తుత లెక్కేమిటో డిస్ట్రిక్టునే అడగాలి. ఇదే వృత్తి కావాలనుకుంటే కాలిఫోర్నియాలో ఆర్ట్‌కు విడిగా టీచింగ్ క్రెడెన్షియల్ చేయాలి, అది వేరే చదువు.

ఈఏడీ ఇంకా చేతికి రానివాళ్లకు జీతం పని కుదరదు. కానీ కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో చాలా బడులు తల్లిదండ్రుల్నే ‘ఆర్ట్ డోసెంట్’లుగా పిలుస్తాయి. ఒక చిత్రకారుడి గురించి కాసేపు చెప్పి, ఆ శైలిలో పిల్లలతో బొమ్మ వేయించడం వాళ్ల పని. అందరూ ఉచితంగానే చేసే స్వచ్ఛంద సేవ అయితేనే ఒప్పుకోవాలి, అది చూసుకోవాలి. ఆ ఆఖరి పది నిమిషాలు తమ వల్ల అవుతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది, పర్మిట్ ఫీజు కట్టకముందే.