ఒక కంప్యూటరు, ఇద్దరు హెడ్మాష్టర్లు

గదులు చాలక కొన్ని ఊళ్ళలో ఒకే భవనంలో రెండు బళ్ళు నడుస్తుంటాయి. పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి. బెంచీలు అవే, నల్లబల్లలు అవే, కొట్టే గంట కూడా అదే. కాని హెడ్మాష్టరు వేరు, హాజరుపట్టీ వేరు, పుస్తకాల బీరువా వేరు.

ఒకే కంప్యూటరులో విండోసునీ, లైనక్సునీ కూడా పెట్టుకోవడం అచ్చంగా ఇలాంటిదే. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు. ఈ రెండూ ఆపరేటింగ్ సిస్టంలు. మీరు మీట నొక్కితే తెరమీద అక్షరం పడాలన్నా, రాసింది డిస్కులో దాగాలన్నా, పాట వినిపించాలన్నా పనులన్నీ పంచిపెట్టే హెడ్మాష్టరు ఆపరేటింగ్ సిస్టమే. ఒకే కుర్చీలో ఇద్దరు హెడ్మాష్టర్లు కూర్చోలేరు కదా! అందుకని కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరే వస్తారు. రెండోవారు తమ బీరువాలో కాగితాలుగా పడి ఉంటారు.

ఇద్దరెందుకూ, ఒకరు చాలరా అంటారేమో. విండోస్ మీద మాత్రమే నడిచే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. లైనక్సుకి డబ్బు కట్టక్కర్లేదు; లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. మైక్రోసాఫ్టు కంపెనీ 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మరమ్మతులు ఆపేసింది. దాని తరవాతిదైన విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లను ఒప్పుకోదు. పాతదాన్ని పారెయ్యడం ఇష్టంలేనివాళ్ళు లైనక్సు వైపు చూశారు. అలాగని విండోసును ఒక్కసారిగా వదులుకోనూ లేరు. దాంతో రెండూ పెట్టుకున్నారు.

ఇంతకీ కంప్యూటరు తెరవగానే ఏ హెడ్మాష్టరు రావాలో నిర్ణయించేది ఎవరు? ఇది తెలియాలంటే అది నిద్ర ఎలా లేస్తుందో తెలియాలి. అక్కడ ఒక చిక్కు ఉంది. కంప్యూటరు పనిచేసేటప్పుడు వాడే జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, కరెంటు పోగానే ఖాళీ అయిపోతుంది. మళ్ళీ తెరిచినప్పుడు డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టంను ర్యాములోకి తీసుకురావాలి. తీసుకురావడానికి ఒక ప్రోగ్రాం కావాలి. ఆ ప్రోగ్రాం ఎక్కడుంది? అదీ డిస్కులోనే ఉంటే? తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టే!

ఇంగ్లీషువాళ్ళు ఈ అవస్థను తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడంతో పోల్చారు. బూట్ అన్న మాట అలా వచ్చింది. నిజానికి ఉపాయం చిన్నదే. కంప్యూటరు లోపలి పలక మీద ఒక చిప్పులో, కరెంటు పోయినా చెరగని చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంచుతారు. పాత కంప్యూటర్లలో దాని పేరు బయాస్, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ. మన బడి భాషలో చెప్పాలంటే వేకువనే వచ్చి గేటు తీసే బంట్రోతు అన్నమాట. బెంచీలూ బల్లలూ ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తరవాత డిస్కు దగ్గరికి వెళతాడు.

పాత పద్ధతి 1983లో ఐబీఎం వారి పీసీ ఎక్స్‌టీ నాటిది. బంట్రోతు డిస్కులో అన్నిటికన్నా మొదటి ముక్కను మాత్రమే చదువుతాడు. అది 512 బైట్లు. ఎంత చిన్నదో చూడండి: ఇప్పటి లెక్కలో ‘లక్ష్మి’ అని తెలుగులో రాస్తే 21 బైట్లు పడుతుంది. అంటే లక్ష్మి పేరు 24 సార్లు రాసేసరికి ఆ చోటు దాదాపు నిండిపోతుంది! అందులోనే 446 బైట్లు ప్రోగ్రాముకి, 64 బైట్లు డిస్కు పటానికి, చివరి 2 బైట్లు ఇది సరైన ముక్కే అని చెప్పే గుర్తుకి. డిస్కును వాటాలుగా, అంటే పార్టిషన్లుగా, ఎక్కడెక్కడ విడగొట్టారో ఆ పటం చెబుతుంది. ఒక్కో వాటాకి 16 బైట్లు. 64ను 16తో భాగిస్తే ఎంత? అందుకే ఆ పద్ధతిలో ముఖ్యమైన వాటాలు నాలుగే. ఇప్పటి పద్ధతిలో మామూలుగా 128 వరకూ ఉండవచ్చు. పైగా పటం నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంటుంది.

446 బైట్లలో ఎంత తెలివి పడుతుంది చెప్పండి? “మీకు ఏది కావాలి?” అని బొమ్మలు వేసి మరీ అడిగేంత పడదు. అందుకని అది డిస్కులో ఉన్న మరికాస్త పెద్ద ప్రోగ్రామును పిలిచి తప్పుకుంటుంది. లైనక్సుతో వచ్చే గ్రబ్ అలాంటిదే. అది తెరమీద ఒక పట్టిక చూపిస్తుంది: లైనక్సా, విండోసా? మీరు బాణం మీట నొక్కి ఒకదాన్ని ఎంచుకుంటారు. గ్రబ్ ఆ హెడ్మాష్టరును లేపి, కుర్చీ అప్పగించి, తాను వెళ్ళిపోతుంది. డ్యూయల్ బూట్ అనే గారడీ అంతా ఈ ఒక్క కూడలిలోనే ఉంది. చిన్నది పెద్దదాన్ని, పెద్దది ఇంకా పెద్దదాన్ని లేపుతూ పోయే దారిలో ఒకచోట రెండు దారులు చేశారు, అంతే.

వెనకటికి ఒక తమాషా జరిగేది. లైనక్సు ఉన్న కంప్యూటరులో తరవాత విండోస్ పెడితే, అది ఆ 446 బైట్ల మీద తన ప్రోగ్రాం రాసేసుకునేది. లైనక్సు చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని పిలిచేవాడు ఉండడు. బావి ఉంది, చేద లేదు! అందుకే ముందు విండోస్, తరవాత లైనక్సు అనే ఆనవాయితీ వచ్చింది. యూఈఎఫ్ఐ ఉన్న కంప్యూటర్లలో పిలిచే ప్రోగ్రాముల కోసం ఒక చిన్న వాటాను విడిగా ఉంచి, అందులో ఎవరి అర వారికి ఇచ్చారు కనక గొడవ తగ్గింది. అయినా ఆ వరసలో పెట్టుకుంటేనే చికాకు తక్కువ.

మరి డిస్కంతా విండోసే ఆక్రమించుకుని ఉంటే లైనక్సుకి చోటెలా? ముందు విండోస్ వాటాను కుదించాలి. దానికి విండోసులోనే సాధనం ఉంది. ఖాళీ ఉన్నంతా కోసేద్దామంటే కుదరకపోవచ్చు. వాటా చివరి దాకా ఫైళ్ళు అక్కడక్కడా చెదిరి ఉంటాయి, వాటిలో కొన్ని కదలనివి. ఖాళీ చోటు దొరికాక, పెన్ డ్రైవులో తెచ్చిన లైనక్సుతో కంప్యూటరును లేపుతారు. చాలా రకాల లైనక్సును డిస్కు ముట్టుకోకుండా పెన్ డ్రైవు నుంచే కాసేపు నడిపి చూడవచ్చు. తెరా, కీబోర్డూ, వై-ఫై సరిగా పలుకుతున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక అసలు ప్రమాదం. డిస్కులోకి ఎక్కించేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: విండోస్ పక్కన ఉండాలా, లేక డిస్కంతా తుడిచేసి ఉండాలా? రెండు జవాబులూ ఒకే తెరమీద, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండోది నొక్కారో, అమ్మ దాచుకున్న పెళ్ళి ఫొటోలూ, నాన్నగారి లెక్కలూ అన్నీ గల్లంతే. అందుకని పోతే బాధపడే ప్రతి ఫైలునూ ముందుగా వేరే డిస్కులోకి నకలు తీసుకోవాలి. అదే డిస్కులోని ఇంకో వాటాలో దాచడం నకలు తీసినట్టు కాదు. కంప్యూటరు ఇంటిల్లిపాదిదీ అయితే పెద్దవాళ్ళను అడక్కుండా అసలు మొదలుపెట్టకండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. లేచే దారి మారగానే అది దొంగలు పడ్డారనుకుని 48 అంకెల సంఖ్య అడుగుతుంది. అదెక్కడుందో ముందే చూసి కాగితం మీద రాసుకోవాలి.

ఇలాంటి పొరపాటు సాక్షాత్తూ లైనక్సును పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌కే జరిగింది. 1991లో అతను ఫిన్లండులోని హెల్సింకిలో విద్యార్థి. అతని కంప్యూటరు డిస్కులో ఒక వాటాలో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉండేది. దాని సాయంతోనే సొంతది రాస్తున్నాడు. ఒకరోజు టెలిఫోను తీగ మీద విశ్వవిద్యాలయం కంప్యూటరును పిలవబోయాడు. ఆ జాతి సిస్టంలలో మోడెముకీ, డిస్కు వాటాకీ కూడా ఫైళ్ళకున్నట్టే పేర్లుంటాయి. మోడెం పేరు రాయవలసిన చోట డిస్కు వాటా పేరు పడింది. మోడెముకి వెళ్ళవలసిన ఆజ్ఞ పోయి మినిక్స్ వాటా మీద కూర్చుంది. మినిక్స్ పాడైపోయింది. దాన్ని మళ్ళీ ఎక్కించడం మానేసి, ఇక తన సిస్టం మీదే పనిచేద్దామని అతను తీర్మానించుకున్నాడు. అతనికి కలిసొచ్చింది గాని, పెళ్ళి ఫొటోలు పోతే ఎవరూ కొత్తవి రాయలేరు.

రెండూ సర్దుకుని కూర్చున్నాక కూడా చిన్న పేచీలు వస్తాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఒక అలవాటు ఉంది. త్వరగా లేవడం కోసం అది పూర్తిగా ఇంటికి వెళ్ళకుండా, తెరిచిన పట్టీలను అలాగే గుర్తుపెట్టుకుని కునుకు తీస్తుంది. ఆ సమయంలో లైనక్సు వెళ్ళి విండోస్ వాటాలో ఏదైనా రాస్తే, లేచిన విండోసుకి తన గుర్తు ఒకటి, ఎదురుగా ఉన్నది ఇంకొకటి! ఫైళ్ళు చెడిపోతాయి. అందుకే రెండూ పెట్టుకునేవాళ్ళు ఆ వేగంగా లేచే ఏర్పాటును తీసేస్తారు.

రెండో పేచీ గడియారంతో. కంప్యూటరు ఆపేసినా లోపల ఒక గడియారం తిరుగుతూనే ఉంటుంది. అందులో ఉన్నది మన ఊరి సమయమే అని విండోస్ అనుకుంటుంది. లైనక్సు సాధారణంగా అందులో ప్రపంచ ప్రమాణ సమయం ఉంచి, దానికి మన అయిదున్నర గంటలూ కలిపి చూపిస్తుంది. లైనక్సు దిద్దిన గడియారాన్ని సాయంత్రం 6 గంటలకి విండోస్ చూస్తే మధ్యాహ్నం 12:30 అంటుంది. విండోస్ దిద్దినదాన్ని అదే వేళకి లైనక్సు చూస్తే రాత్రి 11:30 అంటుంది. ఇంటర్నెట్టు తగిలాక సరిచేసుకుంటాయనుకోండి. అలా వదిలెయ్యకుండా, ఈ గడియారంలో ఉన్నది మన ఊరి సమయమే సుమా అని లైనక్సుకి ఒక్క ఆజ్ఞ ఇస్తే పేచీ తీరిపోతుంది. లండనులో ఉన్నవాళ్ళకి చలికాలంలో ఈ తేడా సున్నా కనక, అక్కడ ఇలాంటి తగువొకటి ఉందని వేసవి వచ్చేదాకా తెలియనే తెలియదు.