సోయా చేనులో ఎడం లెక్క

మన హాస్టల్‌లో చదివిన వాళ్ళలో చాలామందిమి కౌలు రైతుల, కూలీల పిల్లలం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నల్లరేగళ్ళలో పత్తి తర్వాత మేమెక్కువగా చూసిన పంట సోయాబీన్. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. అందుకే సెలవులకు పోతే బాపులూ పెద్దబాపులూ అడుగుతారు: "ఎకరానికి ఎన్ని కిలోలు పొయ్యాలె?" కిలోలకన్నా ముందు మొక్కల సంఖ్య తేలాలని మేమంటాం.

బరువు నేలల్లో సాలుకూ సాలుకూ 45 సెంటీమీటర్లు, సాలులో మొక్కకూ మొక్కకూ 5 సెంటీమీటర్లు ఎడం ఉండాలని సిఫారసు. అంటే మొక్కకు 225 చదరపు సెంటీమీటర్ల జాగా. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక, భాగిస్తే దాదాపు 1 లక్షా 80 వేల మొక్కలు. 100 గింజలు 12 గ్రాములు తూగే విత్తనమైతే 30 కిలోల్లో రెండున్నర లక్షల గింజలుంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక 70 శాతం ఉండాలి. ఆ లెక్కన మొలిచేవి 1 లక్షా 75 వేలు. ఎకరానికి 30 కిలోలన్నది ఊరికే చెప్పిన మాట కాదు.

భయంకొద్దీ 40 కిలోలు పోస్తే? మొక్కలు వెలుతురు కోసం పోటీపడి సన్నగా, పొడుగ్గా సాగుతాయి. కొమ్మలు సరిగా రావు. కింది ఆకులు ఎండ తగలక ముందే రాలతాయి. గట్టి గాలివానకు చేను పడిపోతుంది, గాలి ఆడని చోట తేమ నిలిచి తెగుళ్ళు ముదురుతాయి. మొక్కలు పెరిగినా మొక్కకు కాయలు తగ్గుతాయి కాబట్టి దిగుబడి పెరగదు. అప్పు తెచ్చి విత్తనం కొనే ఇంట్లో ఆ పది కిలోలు తక్కువ ఖర్చా?

పలచనైతే మాత్రం సోయాకు ఒక మంచి గుణముంది. జాగా దొరికితే పక్క కొమ్మలేసి కాయలు పెంచుకుంటుంది. అక్కడక్కడ మొక్కలు పోయినా పెద్ద నష్టం లేదు. మూరెడు మూరెడు ఖాళీలుంటే మాత్రం పక్క మొక్కలు పూడ్చలేవు, ఆ చోటు గడ్డి పట్టేస్తుంది. తేలిక నేలల్లో, ఆలస్యంగా విత్తినప్పుడు మొక్క పొట్టిగా ఆగిపోతుంది. అక్కడ సాళ్ళ ఎడం 30 సెంటీమీటర్లకు తగ్గించాలి.

అసలు చిక్కు మొలకలో ఉంది. సోయా గింజ పొర పలచన. నూర్పిడిలో దెబ్బ తగిలినా, బస్తాలు ఎత్తి పడేసినా, నిల్వలో వేడీ తేమా తగిలినా మొలక పోతుంది. గింజ మాత్రం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకని విత్తడానికి పది రోజుల ముందే బస్తాలో నాలుగైదు చోట్ల తీసిన 100 గింజలను తడి గోనెసంచిలో వరసగా పేర్చి, చుట్టి, నీడన పెట్టాలి. తడి ఆరనివ్వకూడదు. ఆరేడు రోజులకు బలమైన మొలకలు లెక్కపెట్టాలి. 85 వస్తే 25 కిలోలు చాలు. 70కి 30, 60కి 35. 50కి దిగితే లెక్క ప్రకారం 42 కిలోలు. కానీ మేమైతే విత్తనమే మార్చమంటాం, అలాంటి గింజ మొలిచినా బలముండదు. ఈ లెక్క ఐదో తరగతిదే, మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇంట్లో చేసి చూపించగలరు.

60–75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే, 3–4 సెంటీమీటర్ల లోతులో విత్తాలి. మొలిచిన పది రోజులకు సాలులో మీటరు పొడవున మొక్కలు లెక్కపెట్టండి. 20 దగ్గర ఉంటే ఎడం సరిగ్గా పడ్డట్టే.