పండగ రోజు సమాధుల తోటలో...

"పండక్కి శ్మశానానికా మామా?"

ఈ ఏడాది ఈస్టర్‌కి ఊరెళ్తున్నానని చెబితే మా రూమ్మేట్ అన్న మాట ఇది. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. సెలవు దొరక్క ఇన్నాళ్లూ ఈస్టర్‌కి నేను ఇక్కడే చర్చికి వెళ్లేవాణ్ణి. క్రిస్మస్ కేకు సంగతి వాడికి బాగా తెలుసు. తెల్లవారకముందే లేచి, పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్లి పాటలు పాడతామంటే మాత్రం నమ్మలేకపోయాడు.

వాడినని ఏం లాభం? ఆ ఇళ్లలో పుట్టిన మేమే దాని గురించి పెద్దగా ఆలోచించం. నేనైతే నాయనమ్మ పోయేదాకా ఆలోచించలేదు.

మాది గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం మాది. నిరుడు ఆగస్టులో నాయనమ్మ పోయిందని ఫోనొస్తే, నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికే ఫ్లెక్సీ కట్టేశారు. ఆమె ఫొటో, రెండు తెల్ల పావురాలు, పైన పెద్దక్షరాలతో 'మహిమ ప్రవేశం'. మావాళ్లు 'చనిపోయింది' అనడానికి ఇష్టపడరు. ప్రభువునందు నిద్రించింది అంటారు. ఇంగ్లిష్‌లో సెమెట్రీ అంటాం చూడండి, దానికి మూలమైన గ్రీకు మాటకి అర్థం కూడా నిద్రపోయే చోటనే. నిద్రపోయినవాళ్లు లేవాలి కదా, అదీ లెక్క.

నాన్న సంఘ పెద్ద. పెట్టె మూత వేసేటప్పుడు ఆయన గొంతు వణికింది. వెంటనే పక్కనున్న ఒకాయన భుజం పట్టుకుని, "మనకి నిరీక్షణ ఉంది బ్రదర్, మీరే ఏడిస్తే ఎలా?" అన్నాడు. అంతే, నాన్న కళ్లు తుడుచుకుని పాటలో గొంతు కలిపాడు. పెట్టె గోతిలోకి దించుతున్నప్పుడూ పాడాడు, మట్టి వేస్తున్నప్పుడూ పాడాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లి పోతే కొడుకుని ఏడవనివ్వని విశ్వాసం ఏం విశ్వాసం?

కోడ్‌లో తేడా కొడితే మొదట రాసినవాడు ఏం రాశాడో వెళ్లి చూస్తాం. నేనూ అదే చేశాను. ఏడవొద్దనేవాళ్లు చూపించేది పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, నాలుగో అధ్యాయం. తీరా చదివితే అందులో ఏడవొద్దని లేదు. ఆశ లేనివాళ్లు ఏడ్చినట్టు ఏడవొద్దని ఉంది. రెండిటికీ ఎంత తేడా! అంతెందుకు, యోహాను సువార్తలో లాజరు చనిపోయి నాలుగు రోజులైంది, కాసేపట్లో తనే అతన్ని లేపబోతున్నానని యేసుకి తెలుసు. అయినా ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరి మా నాన్నెందుకు ఏడవకూడదు?

అలా తవ్వుతూ పోతే ఇంకా చాలా బయటపడ్డాయి. మేం చర్చికి ఆదివారమే ఎందుకెళ్తాం? యేసు లేచింది ఆ రోజని. అంటే ప్రతి వారం ఓ చిన్న ఈస్టర్ అన్నమాట. శ్రమల కాలం 40 రోజులంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెట్టండి, 46 వస్తాయి. మిగతా ఆరు ఏమయ్యాయి? అవి ఆదివారాలు. పునరుత్థాన దినం కాబట్టి లెక్కలోంచి తీసేశారు. ఈ లాజిక్ నాకు భలే నచ్చింది.

ఇక తెల్లవారుజాము ఆరాధన. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ కుర్రాళ్లు కొందరు ఈస్టర్ ఉదయం ఊరి సమాధుల దగ్గర చేరి పాటలు పాడారు. సువార్తల్లో ఆడవాళ్లు చీకటుండగానే సమాధి దగ్గరికి వెళ్లారు కదా, అలా. మనకి తెలిసిన సూర్యోదయ ఆరాధనకి అది మొదలంటారు.

పూడ్చిపెట్టడం కూడా ఈ నమ్మకంలోంచి వచ్చిందే. అయితే కాల్చినంత మాత్రాన దేవుడు లేపలేడా అన్న ప్రశ్న ఉండనే ఉంది. కేథలిక్ చర్చి 1963లో దహనానికి అనుమతిచ్చింది. మా వైపు మాత్రం ఆ మాటెత్తితే పెద్దవాళ్లు ఊరుకోరు. చాలా ఊళ్లలో సమాధులకి జాగా కోసం పడే తిప్పలు వేరే కథ.

ఇంటర్లో ఉన్నప్పుడు నాయనమ్మతో వాదించాను. "మట్టిలో కలిసిపోయిన ఒళ్లు ఎలా లేస్తుందే?" అని. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ, "వడ్లు చల్లినోడు వడ్లు పోయాయని ఏడుస్తాడంట్రా?" అంది. పౌలు కొరింథీయులకు ఇచ్చిన జవాబూ విత్తనమేనని నాకు మొన్న చదివాకే తెలిసింది. ఆమె చదువు రెండో తరగతి.

ఈస్టర్ ముందురోజు సాయంత్రం నాన్నా నేనూ సున్నం బకెట్టు, నల్ల రంగు డబ్బా తీసుకుని సమాధుల తోటకి వెళ్లాం. ఊరంతా అక్కడే ఉంది. గడ్డి పీకేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, సెల్‌ఫోన్లలో పాటలు. నేను సున్నం కొట్టాను, నాన్న అక్షరాలు దిద్దాడు. జననం తేదీ బాగానే దిద్దాడు. 'ప్రభువునందు నిద్రించిన' దగ్గరికొచ్చేసరికి బ్రష్ ఆగిపోయింది. రాయి మీద తల ఆనించి ఏడ్చాడు. ఎనిమిది నెలల ఏడుపు అది. పక్క సమాధికి సున్నం కొడుతున్న బాబాయ్ ఒకసారి చూసి, ఏమీ అనకుండా తన పని చేసుకున్నాడు. నేను వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాను. నాకూ ఆగలేదు.

తెల్లారి నాలుగున్నరకి అదే చోట నిలబడ్డాం. చీకట్లో ఎటు చూసినా కొవ్వొత్తులే. పాస్టర్‌గారు "ఆయన లేచాడు" అంటే అందరం "నిజంగా లేచాడు" అన్నాం. పాట మొదలైంది. నాన్న గొంతు మధ్యలో పగిలింది. ఈసారి తుడుచుకోలేదు, పాట ఆపలేదు కూడా.

పాటయ్యాక కొవ్వొత్తి రాయికి దగ్గరగా పెట్టి చూసి, "నిద్రించిన దగ్గర గుడి సరిగా పడలేదురా, వెళ్లేలోపు దిద్దాలి," అన్నాడు. రంగు డబ్బా కోసం నేను బండి దగ్గరికి వెళ్లాను.