పాత తుపాకీకి దొంగ వయసు!

* చెకుముకి రాయి నుంచి రాగి టోపీకి మారిన సైనిక మస్కెట్లు
* తిరిగి పాత రూపు తొడిగి అమ్ముతున్న వైనం

పురాతన సైనిక తుపాకులను సేకరించే అమెరికన్లకు 1816 నమూనా మస్కెట్ ఎంతో ప్రీతిపాత్రం. స్ప్రింగ్‌ఫీల్డ్, హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ ఆయుధాగారాల్లో లక్షల సంఖ్యలో తయారైన ఈ తుపాకీ మొదట చెకుముకి రాయితో పేలేది. అనంతరం వీటిలో చాలావాటిని సైన్యమే రాగి టోపీతో పేలేలా మార్పించింది. మార్పునకు లోనుకాని తుపాకులు అరుదు కనుక వాటికి ధర ఎక్కువ. మోసానికి మూలం ఇదే.

ఎందుకు మార్చారంటే..
చెకుముకి తుపాకీ మీట నొక్కితే రాయి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు పళ్లెంలోని మందుపై పడి, సన్నని రంధ్రం గుండా మంట గొట్టంలోకి చేరుతుంది. వాన తగిలితే పని చెడుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బ తగలగానే పేలే రసాయనాన్ని వాడే పద్ధతికి 1807లో పేటెంటు పొందారు. ఆ దారిలోనే తరువాత రాగి టోపీ వచ్చింది. 1834లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో రెండు రకాలనూ 6,000 సార్లు చొప్పున పేల్చి చూడగా, చెకుముకి తుపాకీ 922 సార్లు, టోపీ తుపాకీ 36 సార్లు మొరాయించాయి.

మార్పు ఇలా..
కొత్త తుపాకీ చేయించడం కన్నా ఉన్నదాన్ని మార్చడమే చౌక. ఆయుధాగారాల్లో పళ్లెం కోసేసి, పక్క రంధ్రం పూడ్చి, గొట్టం పైభాగంలో టోపీ తొడిగే చిన్న మొలకను బిగించేవారు. ఉక్కు పలక, దాని స్ప్రింగు తొలగించి, మరల రంధ్రాలను లోహంతో మూసేవారు. సుత్తినీ మార్చేవారు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో ఇరుపక్షాలూ ఇలాంటి తుపాకులు వాడాయి.

గుర్తించడమెలా?
20వ శతాబ్దంలో కొందరు ఈ తుపాకులకు మళ్లీ పళ్లెం, ఉక్కు పలక అతికించి అసలు చెకుముకివిగా అమ్మారు. గొట్టం పైన పూడ్చిన గుండ్రని మచ్చ, గొట్టం చివర అతుకు గీత, మిగతా భాగాల కన్నా కొత్తగా కనిపించే సుత్తి, పలక ఉంటే అనుమానించాలి. పాత మందు తినేసిన గుర్తులు రంధ్రం చుట్టూ లేకపోయినా అంతే. ఇలా వెనక్కి మార్చడంతో యుద్ధం చూసిన తుపాకీ చరిత్ర చెరిగిపోతుంది. కొన్నవారి సొమ్మూ పోతుంది. సైన్యం మార్చిన తుపాకీని ఉన్నది ఉన్నట్లు భద్రపరచడమే మేలు.

పాత తుపాకుల్లో మందు, గుండు అలాగే ఉండిపోయిన సందర్భాలున్నాయి. అందుచేత నిపుణులకు చూపకుండా తాకరాదు.

మన చట్టం ఏమంటోంది?
మన దేశంలో ఆయుధాల చట్టం-1959లోని 45వ సెక్షన్, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకే మినహాయింపు ఇస్తోంది. పురావస్తువుల చట్టం-1972 ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.